గుర్రం వరసలో బంటు

తమ్మిలేరూ బుడమేరూ ఒక్కసారే పొంగి కొల్లేటి లంకల్ని ముంచిన ఏడది. నీళ్లు తీసిన మూడో నెలలో తాడేపల్లిగూడెంలో జిల్లా చదరంగం పోటీలు పెట్టారు. చేపల చెరువు కాపలా కాసే ఎలీయాజరు కండువా దులిపి వేసుకుని వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా లంకల్లో అతన్ని ఓడించినవాడు లేడు. ఆ పేరు పట్నంలోనూ నిలబడాలని అతని పంతం.

ఫైనలు దాకా నిలబడింది. ఎదుట సోమసుందరం మాస్టారు. కాలేజీలో లెక్కలు చెబుతారు. ఐదేళ్లుగా కప్పు ఆయనదే.

"చెరువు ఎవరికి అప్పజెప్పి వచ్చారండీ?" అన్నారు మాస్టారు నవ్వుతూ.

"చేపలకేనండి," అన్నాడు ఎలీయాజరు.

మూడు గంటలు ఆడారు. చివరికి ఎలీయాజరు బంటు ఒకటి గుర్రం వరసలో నడిచి అవతలి గట్టు చేరింది. మాస్టారు ముందే లెక్క వేసుకున్నారు. బంటు తీసి మంత్రిని పెడతాడు, మరుసటి ఎత్తులో తాను ఆట కట్టేస్తారు. మంత్రి వస్తానంటే వద్దనేవాడుంటాడా?

ఎలీయాజరు చచ్చిన గుర్రాన్ని తీసి ఆ గడిలో పెట్టాడు.

"చెక్కండి."

రాజు తప్పుకోవాలి. తప్పుకుంటే అదే గుర్రానికి మంత్రి బలి. మాస్టారు చాలాసేపు చూసి, రాజును పడుకోబెట్టి, లేచి చెయ్యి చాచారు.

"ఎంత దూరం చూశారండీ! గుర్రం పెడతారని నాకు తోచనే లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎలీయాజరు ఊరుకుంటే సరిపోయేది.

"చూడ్డానికేముందండి? గుర్రం వరసలో పోయిన బంటు గుర్రమేగా అయ్యేది."

"కాదండీ. ఏ వరసలో పోయినా మంత్రిని పెట్టుకోవచ్చు."

"మా లంకల్లో అలా లేదండి."

"తెలియక గెలిచాడ్రోయ్!" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా గొల్లుమంది.

"గెలుపు గెలుపేనండీ, కప్పు మీదే," అన్నారు మాస్టారు. ఎలీయాజరు కప్పు అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు మళ్లీ గూడెం వచ్చి, మాస్టారి అరుగు మీద కప్పు దించాడు.

"ఇదేంటండీ?"

"బల్ల వెయ్యండి మాస్టారూ. ఇయ్యాల తెలిసి ఆడతాను. గెలిస్తేనే పట్టుకెళ్తాను."

"ముందు కాఫీ తాగండి."

"ఆట అయ్యాకండి," అని తెల్ల పావులు ఆయన వైపు జరిపి, నల్లవి తన ముందు పేర్చుకున్నాడు.