సగం గంప రొయ్యలు

పొగలు కక్కుతున్న పిండి కడ్డీని తడిగుడ్డతో పట్టి, రుకయా డేక్సాలోంచి బయటికి తీసింది. వేలితో నొక్కి చూసింది. గుంట పడి మళ్ళీ లేచింది. ఉడికినట్టే. దాన్ని వెదురు తడిక మీద పడుకోబెట్టి, కళ్ళజోడుకి పట్టిన ఆవిరిని తలగుడ్డ కొసతో తుడుచుకుంది.

షెడ్డు అవతలి మూల, ఆమె దగ్గర పనిచేసే తుమిని నిన్నటి కడ్డీలు తరుగుతోంది. ముక్కలు నాణెం మందాన, అన్నీ ఒక్కలాగే పడుతున్నాయి. ఎండబెట్టి నూనెలో వేస్తే అరచేయంత విప్పారే రొయ్యల అప్పడాలవి. సిదోఅర్జో ఊరి బజారులో రుకయా పేరు చెప్పి మరీ అడుగుతారు.

రోజూ అందరినీ ఆటపట్టించే తుమిని ఇవాళ నోరు మెదపలేదు. ఎందుకో రుకయాకి తెలుసు. తుమిని కొత్త డేక్సా కొన్నదనీ, చెల్లెలితో కలిసి సొంతంగా అప్పడాలు మొదలుపెడుతోందనీ సందంతా అనుకుంటున్నారు.

మధ్యాహ్నం పెరట్లో తట్టల మీది ముక్కల్ని తిరగేస్తూ రుకయా అంది.

"ఏమే, నోట్లో పిండి కుక్కుకున్నావా? పొద్దుట్నుంచి పలకవు?"

"ఏం లేదమ్మా. మబ్బు పడుతుందేమోనని."

"మబ్బు పైన లేదు, నీ మొహంలో ఉంది."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఈ పెరటి కూలితోనే వాళ్ళలో ఒకామె ఇంటికి పెంకులు వేయించింది, ఇంకొకామె కూతుర్ని నర్సు చదువుకి పంపింది. తుమిని మాత్రం తల ఎత్తలేదు.

పొద్దు వాలాక కత్తి కడిగి, తుడిచి, గూట్లో పెట్టి వచ్చి నిలబడింది.

"అమ్మా, రేపట్నుంచి నేను..."

"తెలుసులే. డేక్సా అడుగు మందంగా ఉందా?"

తుమిని బిత్తరపోయింది. "ఉందమ్మా."

"అయితే మాడదు. వెల్లుల్లి మాత్రం నాకంటే తక్కువ వెయ్యి. లేకపోతే నా బేరాలన్నీ నీ గుమ్మంలో ఉంటాయి."

తుమిని నవ్వబోయి ఏడ్చింది. రుకయా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుని, వెనక్కి చూడకుండా సందులోకి నడిచింది.

చీకటి పడకముందే రొయ్యలమ్మే ముర్తియా సైకిలు మీద గంపతో వచ్చింది. దించకుండానే గొంతు తగ్గించి అడిగింది.

"తుమిని కూడా సరుకు కావాలందమ్మా. పండగ దగ్గరికొచ్చింది, చెరువుల్లో రొయ్య తక్కువగా ఉంది. మీరు వద్దంటే ఇవ్వను."

పండగకి ఒప్పుకున్న సరుకంతా రుకయా కళ్ళ ముందు మెదిలింది. వద్దు అన్న ఒక్క మాట చాలు. తను పని మానేసి సొంతంగా మొదలుపెట్టినప్పుడు పాత యజమాని అన్నదీ ఆ ఒక్క మాటే. రేవులో ఎవరూ తనకి రొయ్య అమ్మలేదు. మొగుడికి రిక్షా ప్రమాదంలో కాలు విరిగి ఇంట్లో పడి ఉన్న రోజులవి. చేప తలలు గీరి, ఆ గుజ్జుతో అప్పడాలు చేసింది. నీచు వాసనని జనం తిప్పి పంపేవారు. మిగిలినవి అన్నంలో పెడితే పిల్లలు కంచం నెట్టేసేవారు.

గంపలో చెయ్యి పెట్టింది. రొయ్యలు చల్లగా, బిగువుగా తగిలాయి.

"సగం ఇక్కడ పొయ్యి. సగం దాని ఇంట్లో పొయ్యి. ఏరకు, పైవీ కిందవీ కలిపే ఇవ్వు."

"మరి మీ పండగ సరుకో?"

"చాలకపోతే దాని దగ్గరే కొంటాను. మంచి సరుకు చేస్తుందిగా, నేర్పింది నేనేగా!"

ముర్తియా నవ్వుతూ సగం కుమ్మరించి, సైకిలు తుమిని ఇంటివైపు తిప్పింది.

రుకయా ఒక్కతే షెడ్డు ఊడ్చింది. అవతలి మూలకి వచ్చేసరికి చీపురు ఆగింది. తుమిని కూర్చునే పొట్టి పీట అక్కడే ఉంది, ఒక పక్కకి కొంచెం అరిగి, పైన మడతేసిన బియ్యం గోనె ఇంకా మధ్యలో గుంటపడి.