బొమ్మను పేరు అడగనందుకు

పద్దెనిమిదేళ్లు నర్సుగా చేసిన నేను రబ్బరు బొమ్మ దగ్గర ఫెయిలయ్యాను. ఈ సంగతి మీరు ఇంకెవరి దగ్గరో విని నవ్వుకునే కన్నా నేనే చెప్పేస్తే ఓ పనైపోతుంది.

మా ఆయనకు పక్క రాష్ట్రానికి బదిలీ అయింది. సామాన్లతో పాటు నా లైసెన్సూ వచ్చేస్తుందనుకున్నాను. రాదట. అక్కడి రిజిస్ట్రేషన్ ఇక్కడ చెల్లదు, మళ్లీ ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవాలన్నారు నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు. సరిహద్దు దాటగానే ఇంజెక్షన్ ఇవ్వడం మరిచిపోతానా అని అడిగితే, గుమాస్తా ఇంకో ఫారం చేతిలో పెట్టాడు. ఇక్కడ నాకు ఉద్యోగం ఇస్తామన్న పెద్దాసుపత్రి మగవాళ్ల వార్డులో నలభై పడకలకు ఇద్దరే నర్సులు. ఈ నెలాఖరు దాకా నీకోసం ఉద్యోగం ఆపగలను, ఆ తర్వాత నా చేతిలో లేదు అని హెడ్ సిస్టర్ ఫోన్ చేసినప్పుడల్లా అనేది. ఏడు నెలలుగా నేను ఇంట్లో కూర్చుని వంటింటి డబ్బాలకు పేర్లు రాసి అతికిస్తున్నాను. మా అన్నయ్యకూ ఒకటి అతికించకపోయావా వదినా అని మా ఆడపడుచు ఏడిపించేది.

తీరా పరీక్ష గదిలోకి వెళ్తే, పరీక్షకురాలి కుర్చీలో గజగజ కూర్చుని ఉంది. ఒకప్పుడు అక్కడ నా దగ్గర పని నేర్చుకుని, తర్వాత ఇటు వచ్చేసిన పిల్ల. సిరంజి పట్టుకుంటే చేతులు వణికేవని తోటి పిల్లలు పెట్టిన పేరది. నాకు ప్రాణం లేచొచ్చింది. మన పిల్లే కదా, పది నిమిషాల్లో బయటపడతాననుకున్నాను. ఆమె మాత్రం నన్నెన్నడూ చూడనట్టు నంబరు అడిగి రాసుకుంది.

మంచం మీద రబ్బరు బొమ్మ. దాన్ని రోగి అనుకుని పలకరించాలి, పేరు అడిగి చీటీతో సరిచూసుకోవాలి, ఆ తర్వాతే ఇంజెక్షన్. ఉలకని పలకని దాన్ని పేరేంటని అడగడానికి నాకు సిగ్గేసింది. చీటీ కళ్లతోనే చదువుకుని, నిమిషంలో సూది వేసి, ఇక ముక్కున వేలేసుకో అన్నట్టు పక్కకు జరిగాను. గజగజ పేరు అడగాల్సిన గడిలో సున్నా చుట్టింది. ఆ గడి పోతే పరీక్ష మొత్తం పోయినట్టేనట. మళ్లీ అవకాశం ఆరు నెలలకు.

అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలో ఆమెను నిలబెట్టి, సిరంజి పట్టుకోవడం నేర్పింది ఎవరు, ఇంత చేసినదానికి ఇదా నువ్విచ్చే మర్యాద అని నోటికొచ్చినట్టు దులిపేశాను. తల వంచుకుని అంతా విన్నది.

"ఇదే తప్పుకి మీరు నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశారు మేడమ్. ఏడ్చాను గానీ, మీదే తప్పని అనలేదు."

నిజమే, చేశాను. చేసి మరిచిపోయాను కూడా.

అప్పుడామె ఇంకో దారి చెప్పింది. నర్సులు దొరక్క కౌన్సిల్ ఈమధ్యే ఒక వెసులుబాటు తెచ్చిందట. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడి నర్సు కళ్ల ముందు ముప్ఫై రోజులు వార్డులో పనిచేసి, ఆమె సంతకం తెస్తే చాలు. కానీ ఆ ముప్ఫై రోజుల్లో పొరపాటు జరిగితే ఆమె లైసెన్సుకూ ఎసరే. అందుకే ఎవరూ ముందుకు రావడం లేదు. గజగజ పనిచేసేది ఆ మగవాళ్ల వార్డులోనే.

"నేనుంటాను. కానీ ప్రతి మంచం దగ్గరా పేరు పైకి అడగాలి. రోజూ చూసేవాళ్లయినా సరే."

అలా నా శిష్యురాలికి నేను శిష్యురాలినయ్యాను. నలభై పడకలు, పూటకు నలభైసార్లు మీ పేరేంటండీ. సంబంధం ఏమైనా చూస్తున్నావా అమ్మా అని ఓ తాత నవ్వాడు. గజగజ వెనకే ఉండేది. ఒక్కసారి ఆ ప్రశ్న మింగేసినా గొంతు సవరించేది. ఆ శబ్దం వింటే ఒళ్లు మండేది.

ఇరవయ్యో రోజు, మధ్యాహ్నం. ముందురోజు నాకు సెలవు. ఆ రోజే ఏడు, ఎనిమిది పడకల్లోకి ఇద్దరు పెద్దవాళ్లు కొత్తగా వచ్చారు. ఎనిమిదో పడకకు ఇన్సులిన్ ఇవ్వాలి. మంచానికి వేలాడుతున్న చీటీ చదివాను, మందు సిరంజిలోకి తీశాను, విసుగ్గానే పేరు అడిగాను. ఆయన చెప్పిన పేరు చీటీలో లేదు. కిటికీ గాలి కోసం ఇద్దరూ పడకలు మార్చుకున్నారట, మాతో ఒక్క మాటైనా అనకుండా. ఈయనకు చక్కెర జబ్బే లేదు.

మందుల బల్ల దగ్గర కూలబడి ఏడ్చేశాను. అడక్కపోయుంటే ఆ పెద్దాయన ప్రాణం మీదికి వచ్చేది, నన్ను నమ్మినందుకు ఆ పిల్ల బతుకుతెరువు పోయేది.

"ఆ రోజు నన్ను పాస్ చేసి ఉంటే, ఇవాళ అడిగేదాన్ని కాదే."

గజగజ నీళ్లు తెచ్చిచ్చి, జరిగిందంతా వార్డు పుస్తకంలో రాసి, అవతలాయన మందు ఆలస్యమవుతోందని నన్ను లేపింది. పది రోజుల తర్వాత సంతకం పెట్టింది.

ఇప్పుడు మా వార్డులో ఏడుగురు నర్సులం. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన ముగ్గురిని హెడ్ సిస్టర్ నాకే అప్పగించింది. మొన్న ఒకామె పేరు అడక్కుండానే మందు తీసింది. నేను గొంతు సవరించాను. నాకు ఇరవై రెండేళ్ల అనుభవం ఉందండీ అంది, మొహం ముడుచుకుని. నాకు అంత లేదమ్మా అని ఒప్పుకుని, పేరు అడగమన్నాను.