పెద్ద కోడలి కడుపుమంట

"నా మొహం ఎలా చూపిస్తారో ఏమోనే!" అంది సున్‌యే, టీవీలో కార్యక్రమం ఇంకా మొదలవకముందే.

"ఏం కాదులే అమ్మా" అని నవ్వింది కూతురు నారే, కమలాపండు వొలుచుకుంటూ.

హేనమ్‌ అనే కొరియా ఊరిలోని ఆ ఇంట్లో ఏటా చలికాలానికి కిమ్చీ, అంటే కారం పట్టించిన క్యాబేజీ పచ్చడి, పెట్టే పని సున్‌యేదే. ఈసారి అది చూపించడానికి టీవీ వాళ్లొచ్చారు. వాళ్లు రావడానికి ముందు రోజంతా క్యాబేజీలు కోసి ఉప్పు పట్టించింది. తెల్లారగట్ల లేచి, వేళ్లు కొంకర్లు పోయే నీళ్లలో వాటిని కడిగింది. తోటికోడలు హెరిమ్ మాత్రం సియోల్ నుంచి కెమెరాలతో పాటే దిగింది, కొత్త గులాబీ రంగు చేతితొడుగులతో. ఒక్క ఆకులో కారం చుట్టి అత్తగారి నోట్లో పెట్టింది. "అబ్బ, నా బంగారు తల్లే!" అని మురిసిపోయింది ఆవిడ. ఇన్నేళ్లుగా సున్‌యే చేతి కిమ్చీ తిని ఆవిడ అన్నది ఒకటే మాట, "ఉప్పెక్కువైంది" అని.

టీవీలో ఆ మురిపెం వెంటే సున్‌యే మొహం వచ్చింది. ఓరగా చూస్తున్న మొహం. కింద ఎర్రటి అక్షరాలు: పెద్ద కోడలి కడుపుమంట! వెనక ఉరుముల చప్పుడు. ఉప్పు పట్టించిన మాట లేదు, కడిగిన మాట లేదు. ఆ చూపొక్కటే.

"అమ్మా, నువ్వు నిజంగానే అంత కుళ్లుకున్నావా?"

లేదని ఎలా అంటుంది? కుళ్లుకుంది. ఆ "బంగారు తల్లే" అన్న మాట తనకెందుకు రాలేదా అని ఒళ్లంతా మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. కానీ అంతకు ముందున్న చాకిరీ అంతా వదిలేసి, కుళ్లొక్కటే ఉంచారే! రేపు చేపల బజారుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లడం? ఊరి సంగతి సరే, కడుపున పుట్టిన పిల్లే తల్లిని కొత్తగా చూస్తోంది. ఇక జీవితాంతం ఇలాగే చూస్తే?

"టీవీ అన్నాక అంతే. నవ్వేసి ఊరుకోరాదూ" అన్నాడు మొగుడు ఆవులిస్తూ.

సున్‌యే అతని వైపు కాక, పక్కనే కూర్చున్న అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, మీ కళ్లెదురుగానే కదా అంతా చేశాను. వాళ్లకి ఒక్క ముక్క చెప్పలేకపోయారా? పోనీ, ఇప్పుడు మీ మనవరాలికైనా చెప్పండి."

అత్తగారు మోకాళ్ల మీది దుప్పటి సర్దుకుంది. నారే టీవీ కట్టేసింది. మొగుడు లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

అత్తగారు దుప్పటి మీంచి తలెత్తకుండానే అంది.

"ఎవరో ఒకరు చెడ్డవాళ్లు కాకపోతే జనం చూడరన్నారే. ముందు నన్నే గయ్యాళి అత్తని చేస్తామన్నారు. నేను వద్దు, పెద్ద కోడల్ని చూపించుకోండి అన్నాను."