యంత్రం మింగిన ఊళ

నా చెవులు పోతున్న సంగతి అందరికంటే చివర తెలిసింది నాకే. మా ఆవిడకి మూడేళ్ళ ముందే తెలుసు.

"ఇదంతా ఆ జులపాల వాళ్ళు చేసిన నిర్వాకమే," అంది.

నలభై ఏళ్ళుగా నేను వడ్రంగి షెడ్డులో రంపం మిషను పక్కన నిలబడి తలుపులూ బల్లలూ చేస్తున్నాను. ఆ రంపాన్ని మాత్రం ఆవిడ ఒక్క మాట అనదు. అది అన్నం పెట్టేది. నింద పడాల్సింది ఆ జులపాల వాళ్ళు పాడిన నా హార్డ్ రాక్ రికార్డు మీదే. పెళ్ళైన కొత్తలోనే దానికి 'సవతి' అని పేరు పెట్టింది.

దాన్ని పంతొమ్మిదో ఏట కొన్నాను. అప్పట్లో నాకు కోపం ఎక్కువ, నోరు తక్కువ. నాన్న తిట్టినా, మేస్త్రీ తిట్టినా తలొంచుకుని మింగేసేవాణ్ణి. ఆ రికార్డు మొదటి వైపు చివర, పాట అయిపోయాక కూడా గిటారు వాయించేవాడు ఊరుకోడు. గిటారుని స్పీకరుకి ఎదురుగా పట్టుకుని నిలబడతాడు. స్పీకరు మోత తీగని కదుపుతుంది, తీగ మళ్ళీ స్పీకరుని మోగిస్తుంది. అలా ఒక ఊళ పుట్టి, పైకి పైకి పోయి, గదంతా నిండిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు నా బదులు ఎవరో అరిచేసినట్టు గుండె తేలికపడింది. మర్నాడు మేస్త్రీ తిడితే తల వంచలేదు. నోరు కూడా విప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

కొత్త వినికిడి యంత్రాలు పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు, చెప్పులైనా విప్పకుండా రికార్డు పెట్టాను. డ్రమ్ముల దగ్గరి ఇత్తడి పళ్ళేలు అప్పుడే తోమినట్టు తళతళా మోగాయి. పాట ఎత్తుకునే ముందు గాయకుడు పీల్చే ఊపిరి వినిపించింది. ఇన్నేళ్ళూ నేను సగం రికార్డునే విన్నానని, మిగతా సగం నా మనసే పాడి పెడుతూ వచ్చిందని అప్పుడు అర్థమైంది.

ఊళ మొదలైంది. రెండు క్షణాలు నిలబడింది. తర్వాత ఎవరో నీళ్ళు పుక్కిలించినట్టు గుడగుడలాడి, మాయమైంది. సూది మాత్రం గాడిలో తిరుగుతూనే ఉంది.

"ఏమే, ఇప్పుడేమైనా మోగుతోందా?"

మా ఆవిడ రెండు చెవులూ మూసుకుని వంటింట్లోంచి వచ్చింది. "వీధి చివరిదాకా మోగుతోంది! ఆపండి మహానుభావా!"

ఆవిడకి వినిపిస్తోంది. దాన్ని ఇన్నేళ్ళూ తిట్టిపోసిన మనిషికి వినిపిస్తోంది, నాకు వినిపించడం లేదు. మా ఆవిడ మీద నాకు అసూయ పుట్టడం అదే మొదలు. యంత్రాలు తీసి చూశాను. గోడ అవతల దోమ ఉన్నట్టుంది, అంతే.

మర్నాడు ఇద్దరం చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆ అమ్మాయి నేను చెప్పిందంతా విని నవ్వింది.

"మిషను పాడవలేదు అంకుల్, దాని పని అది చేస్తోంది. దీన్లోనూ చిన్న స్పీకరుంది, మైకుంది. ఆ శబ్దం తిరిగి మైకులో దూరితే కీచుమంటుంది. అలాంటి కూత సాగడం మొదలెట్టగానే మిషను పట్టి నొక్కేస్తుంది. మీ గిటారుని కూడా అదే అనుకుంది."

"అనుకోవడమేంటమ్మా, అది అదే. వాడు కావాలనే కూయించాడు."

"కావాలనా? ఈ కూత ఆపడానికి మేం ఏళ్ళ తరబడి చదివాం అంకుల్. ఆయనేం చదివాడట?"

"బడి ఎగ్గొట్టి నేర్చుకున్నాడు."

"అమ్మా, నీ కడుపు చల్లగుండ," మా ఆవిడ చేతులు జోడించింది. "ఆ మిషను జోలికి పోకు. ఇన్నాళ్ళకి పీడ విరగడైంది."

సరే పోనీ, అనబోయాను. నాలుకకి అలవాటైన మాట అది. కానీ లోపల ఏదో అడ్డం తిరిగింది.

"మాటలతో నాకెప్పుడూ పెద్దగా పని పడలేదమ్మా. ఎవరేమన్నా తలూపి బతికేశాను. నాకు కావలసినట్టు అరిచింది అదొక్కటే. దాన్ని తీసేసి నాకు ఎన్ని వినిపిస్తే మాత్రం ఏం లాభం?"

బయట బెంచీ మీదివాళ్ళంతా లోపలికి తొంగి చూశాకగానీ నేను అరిచానని తెలియలేదు.

మా ఆవిడ జోడించిన చేతులు దించేసింది. "ఆ కూతేదో వినిపించేట్టు పెట్టెయ్యమ్మా," అంది. "ముప్ఫై అయిదేళ్ళలో ఈయన నోట ఇంత పొడుగు మాట రావడం ఇదే."

డాక్టరమ్మ కంప్యూటరులో ఏవో మార్చింది. "ఈ బొత్తం నొక్కితే సంగీతం వినే పద్ధతిలోకి మారుతుంది. దాన్లో నొక్కెయ్యడం ఉండదు. కాకపోతే అప్పుడప్పుడు మిషనే కూస్తుంది, మీరే భరించాలి." తన ఫోనులో ఆ పాట వెతికి, బల్ల మీది స్పీకరులో పెట్టింది.

ఊళ వచ్చింది. పూర్తిగా వచ్చింది. నేననుకున్నంత పొడుగు లేదది; జ్ఞాపకంలో నేనే సాగదీసుకున్నాను. ఇంతేనా అని ఒక్క క్షణం చిన్నబోయాను. ఆ వెంటనే, ఇంతే అయినా ఇది నిజమైనదనిపించి కళ్ళు తడిశాయి.

"ఏడుస్తున్నారా ఏంటి?" మా ఆవిడ నా ముఖంలో ముఖం పెట్టి చూసింది. పాట అయిపోయినా కూత ఆగలేదు. డాక్టరమ్మ స్పీకరు వంక చూసింది. కూస్తున్నది నా ఎడమ చెవి.

మా ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. కూత ఆగింది. అనుమానంగా మళ్ళీ తన చెంపని నా చెవి దగ్గరికి తెచ్చింది. కీచుమంది. ఇంకాస్త దగ్గరగా జరిగితే ఇంకా పైకి పోయింది.

"చూశారా," అంది పొంగిపోతూ, "నేనూ వాయిస్తున్నాను!"