ఎర్రమట్టి ఆరేలోగా

డెల్ఫినాకి నవ్వు జబ్బుంది. చర్చిలో వస్తుంది, చావింట్లో వస్తుంది, ఒకసారి మొదలైందంటే కడుపు పట్టుకుని కూలబడాల్సిందే. అలాంటి మనిషి కుండకి మెరుగు పెట్టడానికి కూర్చుంది. ఎర్రమట్టి పూత పూశాక, తడి ఆరేలోగా, నున్నటి గులకరాయితో రుద్దుతూనే ఉండాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, ఆగినచోట మచ్చ పడుతుంది. అంతా గీకేసి మళ్ళీ మొదటికి రావాలి. అందుకే సాంటా క్లారా ప్యూబ్లో అనే ఆ ఆదివాసీ కుమ్మరుల పల్లెలో ఇల్లు తగలబడుతున్నా మెరుగు పెట్టే మనిషిని ఎవరూ లేపరు.

రేపు పొద్దున అమ్మమ్మ యూఫీమియా కుండలు కాలుస్తుంది. ఆవిడ మంటలో డెల్ఫినా కుండకి ఇంతవరకూ చోటు దొరకలేదు. మూడేళ్ళుగా మనవరాలు చేసిందల్లా ముసలావిడ వెలుతురుకి పట్టి చూసి, "ఇంకా నేర్చుకో" అని పక్కన పెట్టేస్తూనే ఉంది. ఈసారిది జానెడున్నర ఎత్తు కుండ. దాని చుట్టూ, నీళ్ళని కాస్తుందని ఊరంతా నమ్మే కొమ్ముల నీటిపాముని చెక్కడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఇదీ పోతే ఇక మట్టి ముట్టనని డెల్ఫినా ఒట్టేసుకుంది.

పాము వీపు సగం మెరిసింది. అప్పుడు తలుపు తోసుకుని తమ్ముడు సెల్సో వచ్చాడు. కుండలు నల్లబడాలంటే మంట మీద ఎండిన గుర్రపు లద్ది పొడి కుమ్మరించి, పొగ బయటికి పోకుండా కప్పెయ్యాలి. ఆ పొడి తేవడం సెల్సో పని. తెచ్చాడు కూడా, నెత్తి నుంచి బూట్ల దాకా, తన ఒంటి మీద.

"ట్రక్కు వెనక తలుపు వెయ్యడం మర్చిపోయానే అక్కా. బస్తా జారుతుంటే పట్టుకోబోయా. అదే నన్ను పట్టుకుంది," అని తుమ్మాడు. గదంతా దుమ్ము లేచింది.

"నవ్వకే," అంది అమ్మమ్మ పక్క కుర్చీలోంచి. "నవ్వావో, కుండ పోయిందే."

"ఎవరు నవ్వుతున్నారిక్కడ?" అంది డెల్ఫినా. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"మీసం మీద అదేంట్రా?" అంది అమ్మమ్మ.

"గడ్డిపోచ అమ్మమ్మా. గుర్రానికి అరగలేదు పాపం."

అంతే. డెల్ఫినా భుజాలు ఊగిపోయాయి, పొట్ట ఎగిరెగిరిపడింది, ఊపిరందలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. ఒళ్ళంతా నవ్వుతుంటే ఆ ఒక్క మణికట్టు తన పని తాను చేసుకుపోతోంది. చివరికి నవ్వుకి లొంగిపోయింది అమ్మమ్మే. ఎనభై రెండేళ్ళ మనిషి కుర్చీ చేతులు బాదుతూ, "వాణ్ణి బయటికి గెంటండెవరైనా!" అని పగలబడి నవ్వింది. సెల్సోకి ఇంకా ఊపొచ్చి గుర్రంలా సకిలించాడు.

తడి ఆరేసరికి పాము తోక కూడా మెరిసింది. డెల్ఫినా రాయి కింద పెట్టి, నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వింది. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, వంగి, కుండ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పెరట్లో మంట పెట్టేచోట ఇనుప చట్రం మీద అమ్మమ్మ కుండలు సర్ది ఉన్నాయి. ఇంకోటి పెట్టడానికి ఖాళీ లేదు. డెల్ఫినాకి ఏడుపొచ్చినంత పనయింది.

అమ్మమ్మ వాటి మధ్యలోంచి తన పెద్ద కుండని, ఆగస్టు సంతలో అమ్మాలని నెలంతా చెక్కినదాన్ని, రెండు చేతులా ఎత్తి సెల్సోకి ఇచ్చింది.

"లోపల పెట్టిరారా. దీన్ని వచ్చేసారి కాల్చుకుంటాను," అంది. తరవాత మనవరాలి వైపు తిరిగింది. "ఏంటే అలా చూస్తావు? నీది పట్టుకురా. నవ్వకుండా నడు, పడేస్తావు."