అమ్మకానికి ముందుగది

"ఆ గోడకున్న కడ్డీ పీకించెయ్యాలి ముందు. ఇల్లు చూడ్డానికొచ్చినోళ్లు రోగిష్టి కొంప అనుకుంటారు," అన్నాడు జగన్నాధం, ఉప్మా తిన్న పళ్లెం బల్ల మీదే వదిలేసి చెయ్యి కడుక్కుంటూ.

కుసుమకుమారి పళ్లెం తీసింది. ఇల్లు అమ్ముతున్నట్టు ఆమెకు తెలిసిందే మూడు వారాల కిందట, అదీ భర్త నోటి నుంచి కాదు. బ్రోకరు గంగులు గేటు దగ్గర నిలబడి, "ఇల్లమ్మీసి విశాఖపట్నంలో ఫ్లాటు కొంటన్నారంట గదమ్మగారూ, కొలతలు తీసుకుందారని వచ్చినాను" అంటే తెలిసింది. జగన్నాధాన్ని అడిగితే, "చెబుదామనే అనుకున్నాను, నువ్వు పన్లో ఉన్నావు" అన్నాడు. ముప్పయ్యేళ్లుగా ఆమె పన్లోనే ఉంది. అందుకే ఏ సంగతైనా ఆమెకు చివర్నే తెలుస్తుంది.

గంగులు చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరిగాడు. "ఇల్లు గట్టిదేనమ్మా. గాని సామాను మరీ ఎక్కువున్నాది. కొనీవోళ్లకి మీ కాపరం కనపడకూడదు, ఆళ్ల కాపరం కనపడాల" అన్నాడు. ఆ మాట కుసుమకుమారికి నచ్చింది కూడా. నచ్చాక భయమేసింది. తన కాపురం కనపడకుండా చెయ్యడమంటే ఏమేం తియ్యాలి? వంటింటి గోడమీద ముప్పయ్యేళ్ల పోపు జిడ్డు. పెరట్లో పగిలిన బకెట్లలో పెంచిన గోంగూర, బచ్చలి. అటకమీద ఆవకాయ జాడీలు. "నువ్వింట్లోనే ఉంటావు కదా, నెమ్మదిగా చేస్కో" అన్నాడు జగన్నాధం. నెమ్మదిగానే చేసింది. సోడా నీళ్లు పోసి వంటిల్లు రుద్దింది. కిటికీ చువ్వలు ఒక్కొక్కటీ తుడిచింది. ఎదురింటి అరుణశ్రీని అడిగి నాలుగు క్రోటన్ల కుండీలు తెచ్చి వరండాలో పెట్టింది. పదకొండు రోజులు పట్టింది. సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చిన జగన్నాధం, "ఇల్లు ఇలా రోజూ ఉంచుకోవచ్చు కదా" అన్నాడు.

ఇక మిగిలింది ముందుగది.

ఆ గదిలో అత్తగారు లక్ష్మీనరసమ్మ ఏడేళ్లు మంచాన పడి ఉంది. పక్షవాతం రాకముందు ఆవిడ నోరంటే వీధికే హడల్. "మా కోడలు పెట్టిన పులుసు గేదె కూడా మూతెట్టదు" అని చుట్టాల ముందే అనేది. ఒకరోజు పొద్దున్నే పీట మీంచి పక్కకి ఒరిగిపోయాక ఆ నోట మరి మాట రాలేదు. కుడి చెయ్యి, కుడి కాలు కట్టెలైపోయాయి. అప్పట్నుంచి నోట్లో జావ పొయ్యడం, పక్క గుడ్డలు మార్చడం, వీపుకి పుళ్లు పడకుండా గంటగంటకీ తిప్పడం కుసుమకుమారి వంతు. ఆఫీసుకి వెళ్లేముందు జగన్నాధం గుమ్మంలో నిలబడి, "అమ్మ తిన్నాదా?" అని అడిగేవాడు. తిన్నదంటే వెళ్లిపోయేవాడు. గుమ్మం దాటి లోపలికి వస్తే తనకి కళ్లు తిరుగుతాయనేవాడు.

కడ్డీ ఆలోచన ఆమెదే. ఎడమ చేతికి పట్టు దొరికితే ముసలావిడ కాసేపైనా లేచి కూర్చోగలదనిపించి, చీర చెంగుతో ఎత్తు కొలుచుకుని, వెల్డింగు షాపుకి తనే వెళ్లి చేయించి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మొదటిసారి ఆ కడ్డీ పట్టుకుని లేచి కూర్చున్న రోజు లక్ష్మీనరసమ్మ కిటికీలోంచి వీధిని చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఆ తరవాత కడ్డీ వదిలి కోడలి మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. మాటలున్నంత కాలం అననిదేదో ఆ పట్టులో ఉన్నట్టు కుసుమకుమారికి అనిపించింది. పులుసు మాట ఆ రోజుతో మరిచిపోయింది.

అత్తగారు పోయిన ఏడాదే రిటైర్డు ఉద్యోగుల సంఘంవాళ్లు జగన్నాధానికి శాలువా కప్పారు, తల్లిని ఏడేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నందుకు. ఆ సభలో ఆమె మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ ఫొటో హాల్లో ఉంది. "అదుండనీ, ఇంటికి మర్యాద" అన్నాడు. పోవాల్సింది కడ్డీ ఒక్కటే.

మర్నాడు బుల్లమ్మ వచ్చింది. బందరువానిపేట నుంచి ఆటోలో చేపలు తెచ్చి ఇంటింటికీ అమ్ముకునే మనిషి. నీచు వాసనకి కొనేవాళ్లు పారిపోతారని, ఇల్లు అమ్ముడయ్యేదాకా రావొద్దన్నాడు జగన్నాధం.

"సేపలొద్దన్నారు గాని, నన్ను రావొద్దన్నారేటమ్మా?" అంటూ ఖాళీ చేతులతో లోపలికొచ్చి, కుసుమకుమారి ఒక్కతే మంచం లాగుతుంటే రెండో పక్క పట్టుకుంది. "ఈ మంచం నాకు కొత్తేటి?"

నిజమే. ఆ ఏడేళ్లలో ఎన్నోసార్లు చేపల గంప వరండాలో దింపి, చేతులు సబ్బుతో తోముకుని, ముసలావిడని ఎత్తడానికి చెయ్యి వేసింది బుల్లమ్మే. ఒక్కతే తిప్పితే నడుం పోతుందని, దుప్పటి మడత వేసి కిందనుంచి తిప్పడం నేర్పింది కూడా ఆమే.

"నీ రుణం తీర్చుకోలేను బుల్లమ్మా," అంది కుసుమకుమారి.

"రుణమేటి, ఊరుకో. అయ్యకి శాలువా కప్పినారు, కప్పనీ. ఎవులు సేసినారో నాను సూసినాను. సచ్చిపోయిన ముసలమ్మకీ తెలుసు. ఇద్దరం సాలమా నీకు?"

కుసుమకుమారికి నవ్వొచ్చింది, కళ్లు తడిశాయి. ఒక్క మనిషి చూసినా చాలు, చేసింది చేసినట్టుంటుంది. ఆ ఒక్క మనిషినీ తన గుమ్మంలోకి పంపినందుకు ఏ దేవుడికి మొక్కాలో ఆమెకు తెలియలేదు.

మేస్త్రీ వచ్చి కడ్డీ పీకేశాడు. బొక్కలకి లప్పం పెట్టి, లేత పసుపు రంగు వేశాడు. కొత్త కర్టెన్లు, మంచం మీద పువ్వుల దుప్పటి, మూలన క్రోటను కుండీ. ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ ఏడవనట్టుంది. గుమ్మంలో నిలబడి తనని తాను వెతుక్కుంది. ఎక్కడా కనపడలేదు.

మొదట వచ్చిన ఇద్దరూ తూర్పు, పడమర చూసుకుని వెళ్లిపోయారు. మూడోసారి గంగులు తీసుకొచ్చినవాళ్లు తులసి, వినోద్ దంపతులు. తులసి ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఆఫీసు ఉద్యోగి, వినోద్‌ది మందుల షాపు. హాల్లో జగన్నాధం వినోద్‌కి బోరు గురించి చెబుతుంటే తులసి ముందుగదిలో ఆగిపోయింది. గోడని అరచేత్తో తడిమింది. లప్పం పెట్టినచోట కాస్త ఎత్తుపల్లం తగిలింది.

"ఇక్కడ ఏదైనా ఉండేదా అండీ?"

"టవలు స్టాండు," అన్నాడు జగన్నాధం హాల్లోంచే.

కుసుమకుమారి గోడవంక చూసింది. ఆ మాటకి తల ఊపితే చాలు, ఇల్లు అమ్ముడైపోతుంది. కానీ చీర చెంగుతో కొలుచుకున్న ఎత్తు అది.

"కాదమ్మా, కడ్డీ. మా అత్తగారు పట్టుకుని లేచేవారు. ఏడేళ్లు ఈ మంచం మీదే ఉన్నారు. ఇక్కడే పోయారు."

హాల్లో గంగులు నుదురు కొట్టుకున్నాడు.

తులసి నెమ్మదిగా మంచం అంచున కూర్చుంది. "మా అమ్మకీ పక్షవాతమే, ఎడం పక్క పడిపోయింది. నాలుగు నెల్లయింది. చూసిన ప్రతి ఇంటికీ మెట్లే, ప్రతి బాత్‌రూముకీ గడపే. మీరెలా చేశారండీ? స్నానం ఎలా? పుళ్లు పడలేదా?"

"ఒక్కటి కూడా పడలేదు," అంది కుసుమకుమారి. తన గొంతులో గర్వం తనకే కొత్తగా వినిపించింది.

"మరి మీరు నిద్రెప్పుడు పోయేవారు?"

ఏడేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. కుసుమకుమారి చాప తెచ్చి కింద పరిచింది. ఇద్దరూ దానిమీద కూర్చున్నారు. ఏ కిటికీ గాలి ఏ వేళప్పుడు వస్తుందో, జావ ఎంత పల్చగా ఉంటే పొలమారదో, దుప్పటి మడతతో ఎలా తిప్పాలో, విసుగొచ్చి ముసలావిడని కసిరిన రోజున పెరట్లోకి వెళ్లి ఎలా ఏడ్చిందో, అన్నీ చెప్పింది. తులసి కొన్నిటిని ఫోనులో రాసుకుంది.

"కుసుమా, టీ!" జగన్నాధం కేక.

"పాలు స్టవ్ మీదున్నాయండీ, కొంచెం పెట్టండి," అంది కూర్చున్నచోటి నుంచే. టీ గంగులు పెట్టాడు.

వెళ్లేముందు తులసి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఇల్లు మేం తీసుకుంటాం ఆంటీ. ఆ కడ్డీ పారేశారా?"

"పెరట్లో ఉందమ్మా."

"ఉంచండి. మీ మేలు మర్చిపోను."

వాళ్లు వెళ్లాక కూడా ఆ మాట ఆమె చెవుల్లోనే ఉంది. మేలు అన్నది ఆ పిల్ల. ఇంట్లో ఇన్నాళ్లూ దాని పేరు అలవాటు.

ఒప్పందం కాగితాలయ్యాక జగన్నాధం హుషారుగా ఉన్నాడు. "చూశావా, నిజం చెప్పినా మంచే జరిగింది," అన్నాడు, అది తన ఎత్తుగడైనట్టు. "ఫ్లాటు మూడు గదులది చూశాను. ఒకటి అక్కకి. చీపురుపల్లిలో ఒక్కతీ ఉండలేకపోతోంది, తుంటి ఆపరేషనయ్యాక లేవడమే కష్టంగా ఉంది పాపం. మనింటికి తెచ్చేసుకుందాం. నీకలవాటే కదా."

కుసుమకుమారికి కోపం రాలేదు. ఆడపడుచు సుభద్రమ్మ అంటే ఆమెకు ఇష్టమే. ఆ ఏడేళ్లలో ఏటేటా వేసవిలో పదిహేను రోజులు వచ్చి, "ఎల్లవే, మీ అమ్మకాడికెళ్లి కంటినిండా పడుకోనిరా" అని బస్సెక్కించిన మనిషి ఆవిడ. ఆ పదిహేను రోజులు లేకపోతే తను ఏమైపోయేదో.

"వదినగారు రావాలి. తప్పకుండా రావాలి," అంది. "మీరోసారి ఇలా రండి."

ముందుగదిలోకి నడిచింది. అతను అలవాటు కొద్దీ గుమ్మంలోనే ఆగాడు. "లోపలికి," అంది. అతనొచ్చాక, పువ్వుల దుప్పటి మీద వెల్లకిలా పడుకుని చేతులు చాపేసింది. పట్టపగలు ఆ మంచం మీద ఆమె వెన్ను వాల్చడం అదే మొదలు. ఒళ్లంతా హాయిగా ఉంది.

"ఏటిది కుసుమా?"

"నా కుడి పక్క పనిచెయ్యదనుకోండి. గోడవైపు తిప్పండి."

"ఇప్పుడా? ఎవరైనా చూస్తే?"

"చూడనివ్వండి."

అతను బెరుగ్గా వంగి భుజం పట్టి లాగాడు. "అలా కాదు, అలా లాగితే కీలు తప్పుతుంది. ముందు మోకాలు మడవండి. ఆ చెయ్యి నడుం కింద. ఇప్పుడు మీ బరువు మీద తిప్పండి, నా బరువు మీద కాదు." మూడుసార్లు తప్పు చేశాడు. నాలుగోసారి ఆమె గోడవైపు తిరిగింది. అతని చొక్కా చెమటకి తడిసిపోయింది.

"రోజుకి... ఎన్నిసార్లిలాగ?" అన్నాడు రొప్పుతూ.

"అత్తగారికైతే పగలే పన్నెండుసార్లు. వదినగారిని లేపాల్సింది పగలు మీరు, రాత్రి నేను," అంది కుసుమకుమారి, కళ్లు మూసుకుని. "మళ్లీ మొదట్నుంచి చెయ్యండి."