అక్క గీసిన గోడ

ప్రణాలి తల్లిని ఏదైనా అడిగిందంటే ఉతికిన జీన్స్ ఎక్కడుందనో, డబ్బాలో ఏం కూర పెట్టావనో అయి ఉంటుంది. అలాంటి పిల్ల ఒక మధ్యాహ్నం వంటింటి గట్టెక్కి కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "మమ్మీ, నీ చిన్నప్పటి ఇల్లు ఎట్లుండే? మొత్తం చెప్పు" అనేసరికి సుమంగళ శనగపిండి గిన్నె పక్కకు జరిపేసింది.

ప్రణాలి నాందేడ్‌లోనే ఇంటీరియర్ డిజైన్ చివరి సంవత్సరం చదువుతోంది. రైల్వే డివిజన్ ఆఫీసులో తండ్రి ఉమేశ్‌కు ప్రమోషన్ వచ్చింది. ఇల్లు కొత్తగా చేయించాలనుకున్నారు. బయటి డిజైనర్ ఎందుకు, ఇంట్లోనే ఉండగా అన్నాడు ఉమేశ్. కాలేజీ ప్రాజెక్టూ, సొంత ఇల్లూ రెండూ ఒక్కటే అయ్యాయి. పాతకాలపు ఇంటి నుంచి ఈ కాలపు ఇంటి దాకా అని తన ప్రాజెక్టుకు పేరు పెట్టుకుంది ప్రణాలి.

సుమంగళ చెప్పసాగింది. మట్టిగోడ మే నెలలో కూడా వీపుకు ఎంత చల్లగా తగిలేదో, గోడలో దీపం గూళ్లు ఎవరి ఎత్తుకు వాళ్లకు అందేలా ఎలా తీసేవాళ్లో, జొన్నల గుమ్మి వెనక నాయనమ్మ బెల్లం ఎలా దాచేదో. ఇరవై మూడేళ్ల కాపురంలో ఈ సంగతులు ఎవరూ అడగలేదు. చెప్పబోతే "అబ్బ, మళ్ల మీ ఊరు మొదలువెట్టకు" అన్నవాళ్లే.

"గూడు సూపర్ మమ్మీ. లోపల లైటు పెడ్త, అద్దం పెడ్త."

"అద్దమెందుకే, దీపం మసి పట్టాలె గాని."

"మసి పడితే పప్పా నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తడు."

తల్లీకూతుళ్లిద్దరూ నవ్వుకున్నారు. ఆ పదిహేను రోజులూ సుమంగళ పని చేసుకుంటూనే గుర్తు చేసుకునేది. ఏదైనా తట్టగానే కూతురి గదిలోకి వెళ్లి, "ఏయ్, తలుపు కడప సంగతి చెప్పుడు మర్చిన" అనేది. ప్రణాలి విసుక్కోకుండా రాసుకునేది.

సుమంగళ అడిగింది ఒక్కటే. హాల్లో తూర్పు గోడ ముట్టుకోవద్దు.

ఇల్లు కట్టిన ఏడాది సుమంగళ అక్క సంగవ్వ గోకుంద నుంచి వచ్చి, సిమెంటు గోడకు ఎర్రమట్టి జాజు పూసి, దాని మీద సున్నంతో బొమ్మలు గీసింది. వాళ్ల ఊళ్లో పండుగలకు ఆడవాళ్లు గీసే బొమ్మలే. బండి, ఎద్దులు, నీళ్లు మోసే ఆడవాళ్లు, ఎండలో ఆరబెట్టిన పత్తి. అక్క గీస్తుంటే సుమంగళ పక్కన నిలబడి సున్నం కలిపి అందించింది. ఇప్పుడు సంగవ్వ కుడి చెయ్యి పడిపోయింది. పక్షవాతం. ఆ గోడ పోతే మళ్లీ గీసేవాళ్లు లేరు.

"దాన్నెవరు ముట్టుకుంటరు మమ్మీ?" అంది ప్రణాలి. "మన హాలుకు అదే గద అందం. ఒట్టు."

ఉమేశ్ పేపరు చదువుతూనే, "మీ అక్క గోడ, మీ అక్కదే" అన్నాడు.

పని మొదలైంది. వంటింట్లో గట్టు పోయి కొత్త అరలు వచ్చాయి. నేల మీది షాబాద్ రాళ్లు పోయి, ముఖం కనబడే టైల్స్ వచ్చాయి. రంగులు వేయడానికి నాయ్‌గావ్ నుంచి మాణిక్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, తెలుగు రాదు. అప్పుడే సంగవ్వకు ఒంట్లో బాగా లేదని ఫోను వచ్చింది. సుమంగళ గోకుందకు బయల్దేరుతూ గోడ దగ్గర ఆగింది. కింది అంచున సున్నం పెచ్చులూడి ఎద్దుల కాళ్లూ, బండి చక్రమూ చెరిగిపోతున్నాయి. మాణిక్‌ను పిలిచి, చెయ్యి చూపిస్తూ, తనకు వచ్చిన మరాఠీలో చెప్పింది.

"దాదా, భింతీవర్చం చిత్ర్ నీట్ కాఢా."

గోడ మీది బొమ్మ చక్కగా గీయండి అని. మాణిక్ తల ఊపాడు.

నాలుగు రోజుల తరువాత ఆమె తిరిగి వచ్చేసరికి తూర్పు గోడ తెల్లగా, నున్నగా, ఏమీ లేకుండా ఉంది.

సంచీ చేతిలోంచి దించకుండానే నిలబడిపోయింది.

"గట్ల చూస్తవేందే?" అన్నాడు ఉమేశ్. "నువ్వే చెప్పినవంట గద, కాఢా అని."

"గీయమన్న. కాళ్లు గీయమని చెప్పిన."

"మరాఠీల కాఢా అంటే గీయమని గూడ అయితది, తీసేయమని గూడ అయితది. నీట్ కాఢా అన్నవంట. పాపం, నీట్‌గ తీసేసిండు." ఉమేశ్ పెదవులు బిగబట్టాడు గానీ నవ్వు ఆగలేదు. "ఎన్నిసార్లు చెప్పిన, మిస్త్రీలతోని మాట్లాడేది ఉంటే నాకు చెప్పుమని."

"మమ్మీ మరాఠీ డేంజర్" అంది ప్రణాలి. ఆ తర్వాత తల్లి ముఖం చూసి దగ్గరికి వచ్చి భుజం పట్టుకుంది. "పోనీ మమ్మీ. ఫోటోలున్నయి గద. ఏమన్న చేద్దాం."

ఆ ఇంట్లో సుమంగళ మరాఠీ ఎప్పుడూ నవ్వులాటే. ఉమేశ్ నాందేడ్‌లోనే పుట్టి మరాఠీ బళ్లో చదివాడు, పిల్లా అంతే. ఆమె పెళ్లయి వచ్చాక కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకుంది. అందుకే వాళ్ల మాట నమ్మింది. తన నోటితో తనే అక్క చేతి పని చెరిపించానని నమ్మింది. వరండాలో బ్రష్షు కడుగుతున్న మాణిక్ దగ్గరికి వెళ్లి, తప్పు తనదేననీ, మనసులో పెట్టుకోవద్దనీ చెప్పింది. మాణిక్ తల ఎత్తలేదు. ఏదో అనబోయి, నల్లా ఇంకాస్త తిప్పాడు.

ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. ఎవరితో మరాఠీలో మాట్లాడాల్సి వచ్చినా నోట్లోనే రెండుసార్లు అనుకుని చూసుకునేది. పాలవాడితో కూడా వేళ్లతోనే లెక్క చెప్పింది. అక్కకు ఫోను చేసి గోడ సంగతి తప్ప అన్నీ మాట్లాడింది. ఈలోగా 'నీట్ కాఢా' ఉమేశ్ ఆఫీసు దాకా పాకింది. ఎవరో ఇంటికి వచ్చి, టీ తాగుతూ, "వహినీ, కప్పు నీట్ కాఢా", వదినా, కప్పు నీట్‌గా తీసెయ్ అని నవ్వి పోయారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఏం బాగుంటుంది?

తరువాతి వారం కొరియర్ వచ్చింది. పొడుగాటి గొట్టం. ప్రణాలి కాలేజీలో ఉంది. పరదాల గుడ్డేమో, ముడతలు పడుతుందని సుమంగళ విప్పింది. గోడకు అంటించే కాగితం. సోఫా మీద పరిచేసరికి బండి కనిపించింది. నీళ్లు మోసే ఆడవాళ్లు కనిపించారు. ఎండలో పత్తి. జాజు రంగు కూడా అచ్చం అదే.

ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. పిల్ల నాకోసం చేయించింది అనుకుంది.

అప్పుడు ఎడమవైపు ఎద్దు మీద చూపు పడింది. అక్క ఆ ఎద్దు గీస్తుండగా పాకుతూ వచ్చిన ప్రణాలి ఆమె మోచెయ్యి లాగింది. వెనక కాలు సగంలోనే ఆగిపోయింది. "ఉండనీయ్, మెల్లగ పోతది" అని అక్క దాన్ని అలాగే వదిలేసింది. కాగితం మీద ఆ కాలు పూర్తిగా ఉంది. కింద చెరిగిన అంచంతా కూడా చక్కగా ఉంది. ఎవరో కంప్యూటర్‌లో కూర్చుని ఓపికగా సరిచేశారు.

ఓపికగా అంటే ఎప్పుడు? పడకగదికి తెప్పించిన ఇలాంటి కాగితమే పుణె నుంచి రావడానికి నెల పట్టిందని, ప్రణాలి ఫోన్‌లో వాళ్లను తిట్టడం సుమంగళ చెవులారా విన్నది. గోడ గీకి ఇంకా రెండు వారాలైనా కాలేదు.

సాయంత్రం ప్రణాలి వచ్చి, సోఫా మీది కాగితం చూసి గుమ్మంలోనే ఆగింది.

"సర్‌ప్రైజ్ మొత్తం పాడు చేసినవ్ మమ్మీ!"

"ఫోటో ఎప్పుడు పంపినవే?"

"మొన్ననే..."

"నెల పడ్తది గద."

ప్రణాలి చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి వేలికి చుట్టుకోసాగింది. "గోడకు చెమ్మ పట్టింది మమ్మీ. జాజు చేతికి అంటుతుండె. కొత్త సోఫా పెడ్తే ఖరాబైతది. ఇది చూడు, తుడుస్తే పోదు, ఎన్ని ఏండ్లయినా గిట్లనే ఉంటది. పెద్దమ్మ బొమ్మలే గద, ఎక్కడికి పోయినయ్?"

"నాకు చెప్తే ఏమైతుండె?"

"చెప్తే ఒప్పుకుంటుంటివా?"

"అడిగినవా నువ్వు?"

ప్రణాలి వేలికి చుట్టిన ఇయర్‌ఫోన్ విప్పి మళ్లీ చుట్టింది.

"మరి నా మరాఠీ?" అని అడిగింది సుమంగళ.

"అది మేం అనుకున్నది కాదు మమ్మీ, దేవుని తోడు. నువ్వు గోకుంద పోయినప్పుడు తీపియ్యాలె అని ముందుగాల్నే అనుకున్నం. నువ్వేమో పోయేటప్పుడు మాణిక్ కాకకు గట్ల చెప్పిపోయినవ్. కాక నీ మాట సరిగ్గనే అర్థం చేసుకున్నడు, బొమ్మ గీయాల్నా అని పప్పాను అడిగిండు. పప్పా ఏమన్నడంటే, మంచిగ దొరికింది, లొల్లి లేకుండ అయిపోతది అన్నడు."

మంచిగ దొరికింది. సుమంగళ కాగితాన్ని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. అది ఒకవైపు చుడితే ఇంకోవైపు విచ్చుకుపోతోంది. ఇన్నాళ్లూ పాలవాడితో కూడా మాట్లాడలేకపోయింది. ఆ సంగతి ఎదురుగా ఉన్న పిల్లకు తెలుసు. చూసింది. వేళ్లతో లెక్క చెబుతుంటే పక్కనే నిలబడి చూసింది.

ఉమేశ్ వచ్చి సంగతి తెలిశాక గొంతు పెంచలేదు, తగ్గించాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది. "ఆదివారం ఆఫీసోళ్లు భోజనానికి వస్తున్నరు. సంగవ్వ వదినె గూడ వస్తది. ఆమెకు గూడ గా కాఢా ముచ్చటే చెప్పు. నవ్వుకుంటది, అయిపోతది. ఆమె చెయ్యి గట్లుండంగ ఇదంత చెప్పి ఎందుకు కష్టపెట్టుడు?"

"ఆమె కష్టపడొద్దని నేను తెలివి లేనిదాన్ని కావాల్నా?"

"అరే, ఇంట్ల మాట. గింతదానికి..."

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం హాలు నిండిపోయింది. గోడ మీద కాగితం తళతళలాడుతోంది. ఆఫీసు వాళ్ల భార్యలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. పాతకాలపు గూళ్లనూ కొత్త లైట్లనూ కలిపి ప్రణాలి ఎంత చక్కగా చేసిందో అని మెచ్చుకున్నారు. సంగవ్వ సోఫా చివర కూర్చుని, కుడి చేతిని కొంగు కింద దాచుకుని, కాగితం వైపు చాలాసేపు చూసింది.

ఉమేశ్ ఆమెను చూసి, అందరూ వినేలా మరాఠీలో ఆ కథ మొదలుపెట్టాడు. మా ఆవిడ ఊరికి పోతూ పెయింటర్‌తో ఏమందంటే... 'నీట్ కాఢా' దగ్గరికి వచ్చేసరికి తెలిసినవాళ్లు ముందే నవ్వేశారు. సంగవ్వ కూడా చిన్నగా నవ్వి, "బడికి పొమ్మంటే చింతచెట్టు ఎక్కేది, గందుకే" అంది చెల్లెలి వైపు చూసి.

మంచినీళ్ల ట్రే పట్టుకుని ఉన్న సుమంగళ దాన్ని బల్ల మీద పెట్టింది. నోట్లో రెండుసార్లు అనుకోలేదు. మరాఠీలోనే చెప్పింది, అందరికీ అర్థమయ్యేలా. నేను సరిగ్గానే చెప్పాను. పెయింటర్‌కు సరిగ్గానే అర్థమైంది. గోడ గీకమన్నది ఈయన. అంతకు ముందే నా కూతురు ఈ కాగితానికి ఫోటో పంపింది.

ఎవరో దగ్గారు. ఒకావిడ ఫోను సంచిలో పెట్టేసుకుంది.

"మమ్మీ, గింత మందిల..." అంది ప్రణాలి, తెలుగులో, మెల్లగా.

సంగవ్వ ఎడమ చెయ్యి చాచి పిల్లను దగ్గరికి రమ్మంది. "ఇటు రా బిడ్డా. సున్నం గీత ఎన్నేండ్లుంటది? మా ఊర్ల ఏటేటా అలికి మళ్ల గీసేటోళ్లం. నన్నొక్క మాట అడిగితే నేనే తీసేయమందును గదనే. గీ దొంగతనమెందుకు?"

ప్రణాలి కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖం మాత్రం తేలికపడింది. "చూసినవా మమ్మీ, పెద్దమ్మకు ఏం లేదు."

"ఆమెకు లేదు" అంది సుమంగళ. "నాకున్నది."

వచ్చి అక్క పక్కన కూర్చుంది. ఉమేశ్ వంటింటి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "పూరీలు... అందరు ఆకలి మీదున్నరు సుమంగళా" అన్నాడు. ఆమె అక్క చేతిని కొంగు కింద నుంచి తీసి తన ఒళ్లో పెట్టుకుని, చల్లబడిన వేళ్లను ఒక్కొక్కటిగా రుద్దడం మొదలుపెట్టింది. చివరికి ప్రణాలే లోపలికి వెళ్లింది. ఆ వంటిల్లు గీసింది తనే, ఏ అర ఎంత వెడల్పో కళ్లు మూసుకుని చెప్పగలదు. కానీ జల్లిగరిటె ఎక్కడ ఉంటుందో ఆమెకు తెలియదు. ఒక అర లాగిన చప్పుడైంది. మూసిన చప్పుడైంది. ఇంకొకటి. ఇంకొకటి.

"మమ్మీ, ఎక్కడ పెట్టినవ్?" అని కేక వినిపించింది.

సుమంగళ చెప్పలేదు.